తొలికడవ

మా ఊరికి సొంత పేరు లేదు. స్టేషను బోర్డు మీద ఉన్న పేరు రెండు మైళ్ళ అవతలి పల్లెది. ముగ్గురాయి గనికీ రైలు పట్టాలకూ మధ్య లేచిన మా ఇళ్ళను అందరూ సైడింగు అనేవారు. గూడ్సు పెట్టెలు అసలు లైను వదిలి పక్కకు వచ్చి రాయి నింపుకునే పట్టాల ముక్క అది. ఆ ముక్క పేరే ఊరి పేరయింది. సంబంధం వచ్చినప్పుడు ధర్మవరంలో మా నాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగాడు.

"సైడింగంటే యాడొచ్చాదప్పా? కదిరి పక్కనా, నల్లమాడ పక్కనా?"

"రెండిటికీ దూరమే మామా," అన్నాడు సంబంధం తెచ్చినాయన. "బండి నిలబడతాది. బండి నిలబడిన చోటే ఊరు."

అబ్బాయి గనిలో కాటా గుమాస్తా. రాయిని తూచి పెట్టెల్లోకి ఎక్కించడం ఆయన పని. ఉండటానికి క్వార్టరు ఉంది. నేను అనంతపురంలో బీఏ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నాను. వానలు లేక ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆగి, మా ఇంట్లో నేసిన పట్టుచీరలు నేసినట్టే మడతల్లో ఉండిపోయిన కాలం. నా పెళ్ళి మాత్రం ఆగలేదు.

మొదటిసారి ఆ స్టేషనులో దిగినప్పుడు తెల్లవారుతోంది. మనుషులకంటే ముందు నాకు కడవలు కనిపించాయి. కంకర పోసి ఎత్తు చేసిన ఆ ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇత్తడి బిందెలు, మట్టికడవలు, సత్తు బకెట్లు, మూత కోసేసిన నూనె డబ్బాలు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి మనుషులు వెనక టీ కొట్టు దగ్గర చేతులు కట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఏదో పండుగేమో అనుకున్నాను.

"నీళ్ళబండి," అన్నాడు మా ఆయన నా పెట్టె దింపుతూ. "మన బండికే తగిలించుకోని వచ్చినారు. సూడు."

మేము వచ్చిన బండి చివర రెండు నల్లటి ఇనుప ట్యాంకులు ఉన్నాయి. సైడింగు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా రాయే. పాత బావి ఒకటి ఉప్పగా ఉండేది, అదీ ఎండల్లో ఎండిపోయేది. అందుకని రైల్వేవాళ్ళు మంచి నీళ్ళున్న జంక్షనులో ట్యాంకులు నింపి రెండు రోజులకోసారి మా స్టేషనులో వదిలి, ఖాళీవి తీసుకుపోయేవారు. తమ మనుషుల కోసం పంపిన నీళ్ళే గానీ గని వాళ్ళను ఎవరూ కాదనేవారు కాదు. గని ఉంటేనే కదా స్టేషను.

ట్యాంకు కుళాయికి గొట్టం తగిలించాక పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చే అతను, నీళ్ళు వదలకుండా ఆగాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు.

"ఎవురింట్లో బాలింత ఉండాదమ్మా?"

అప్పుడు ఎవరి ఇంట్లో ఉందో అందరికీ తెలుసు. ఉన్నవే కొన్ని ఇళ్ళు. అయినా ఆ ఇంటి మనిషి "మా ఇంట్లో" అని జవాబు చెప్పాలి. అప్పుడు ఆ ఇంటి కడవను ముందుకు జరిపి నింపుతారు. ఆ తర్వాతే మిగతావాళ్ళ తోపులాట, తిట్లు, జుట్లు పట్టుకోవడాలు. ఆ మొదటి కడవను తొలికడవ అనేవారు. దానికోసం ఎప్పుడూ ఎవరూ గొడవపడలేదు. బాలింత లేని రోజుల్లో నిండు చూలాలికి, ఆమె కూడా లేకపోతే అన్నిటికంటే చిన్న బిడ్డ ఉన్న ఇంటికి ఇచ్చేవారు.

ఈ పద్ధతి పెట్టింది ఒక అవ్వ. రాయి కొట్టి తెల్లదీ మట్టిదీ వేరు చేసే ఆడవాళ్ళలో పెద్దది. తొలికడవ ఎందుకని ఆమెను అడిగితే "అదంతే" అనేది. పాయింట్స్‌మన్ భార్య నాకు పక్కింటి మనిషి, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె చెప్పింది. నీళ్ళబండి రాని రోజుల్లో అవ్వ కోడలు బాలింతగా ఉండి, బిడ్డకు పోయడానికి చుక్క నీరు లేక, గని గుంతలో అడుగున నిలిచిన నీళ్ళకోసం దిగిందట. కాలు జారింది. తల్లి పోయిన కొద్ది రోజులకే బిడ్డా పోయింది.

"ఆ పొద్దు నుంచి అవ్వ బాలింతిండ్లే లెక్కబెడతాంటాది," అంది అక్క.

సైడింగు నిండుగా బతికిన రోజులను నేను చూశాను. పొద్దున గనిలో మందుపాతర పేలితే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఆడవాళ్ళు నెత్తిన తట్టలతో పలకలెక్కి పెట్టెల్లోకి రాయి కుమ్మరిస్తుంటే తెల్లటి దుమ్ము లేచేది. సాయంత్రానికి అందరి కనుబొమలూ నెరిసేవి. మా రాయి మద్రాసు రేవుకు పోయి అక్కడి నుంచి ఓడెక్కుతుందని, సముద్రంలో నూనె బావులు తవ్వేటప్పుడు దాని పొడి వాడతారని ఆయన చెప్పేవాడు. మేము దాంతో ముగ్గులు వేసేవాళ్ళం. ముగ్గుపిండి కొనే పని లేదు కాబట్టి సైడింగులో ముగ్గులు గడప దగ్గర ఆగేవి కావు, వీధి దాటి రైలు పట్టాల దాకా పోయేవి. శనివారం టెంటులో సినిమా. రాయదుర్గం నుంచి ఒక బట్టలు కుట్టే ఆయన వచ్చి మిషను పెట్టాడు. రేకుల కింద బడి పెట్టారు. రాత్రి తొమ్మిది దాకా గని జనరేటరు కరెంటు ఇచ్చేది. పక్క పల్లెల వాళ్ళు తమ చేలల్లో శెనక్కాయ పంట ఎండిపోతే వచ్చి మా దగ్గర తట్ట పట్టేవారు.

పక్క పల్లెలను మా వాళ్ళు ఎగతాళి చేసేవారు. రెండు మైళ్ళ అవతల, స్టేషను పేరున్న ఆ పల్లెలో పెద్దవాళ్ళు చాలామంది వంగి నడిచేవారు. పిలిస్తే తల తిప్పరు, మనిషి మొత్తంగా తిరుగుతారు.

"ఆ ఊరి మొగోళ్ళు శానా మర్యాదస్తులు మే," అనేది అక్క, బిందె చంకనెత్తుకుంటూ. "పక్కనోని పెండ్లాన్ని తొంగి సూడరు."

"యాలక్కా?"

"మెడ తిరగాల గదా!"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వాను.

నా కూతురు పుట్టింది. కాన్పు ధర్మవరంలో మా అమ్మ దగ్గర. అయిదో నెలలో తీసుకొచ్చినప్పుడు బండి దిగీ దిగగానే పాయింట్స్‌మన్ కేక వేశాడు. నా బదులు అవ్వే "కాటా గుమాస్తా ఇంట్లో!" అని గట్టిగా చెప్పింది. నా కడవ నెత్తికెత్తి తానే మోసుకొచ్చి గడప లోపల దించి, చెంబుతో ముంచి నా చేతికిచ్చి, నేను తాగేదాకా నిలబడి చూసింది. అదీ పద్ధతే. బాలింత తాగిన తర్వాతే ఆ కడవ తెచ్చిన మనిషి పోవాలి.

అంతకంటే పెద్ద గౌరవం నాకు ఇంకెక్కడా జరగలేదు. బీఏ పట్టా తీసుకున్న రోజు కూడా.

పాప నడక నేర్చుకునే నాటికి గూడ్సు పెట్టెలు రావడం తగ్గింది. పక్క జిల్లాలో నేలమీదే కొండంత ముగ్గురాయి దొరికిందట. గుంతల్లోకి దిగి, నీళ్ళు తోడి, మట్టి వేరు చేయాల్సిన మా రాయి ఎవరికి కావాలి? మొదట మందుపాతరలు ఆగాయి. తర్వాత టెంటు విప్పుకుని సినిమా వాళ్ళు పోయారు. జనరేటరును లారీలో వేసుకుని పోయిన రోజు పిల్లలు లారీ వెంట పరుగెత్తారు, ఏదో ఊరేగింపు అనుకుని. బట్టలు కుట్టే ఆయన మిషను తలమీద పెట్టుకుని బండి ఎక్కుతూ, "పట్టాలుండాయి గదమ్మా, మళ్ళా వచ్చాలే," అన్నాడు.

సైడింగులో మిగిలిన రాయి పెద్ద తెల్ల కుప్పగా పట్టాల పక్కన ఉండిపోయింది. దానికి కాపలాగా మా ఆయన్ను ఉంచారు. కుప్ప ఉన్నన్నాళ్ళూ క్వార్టరు ఉంటుందన్నారు. ఆయన రోజూ పొద్దున పోయి కాటా మీద దుమ్ము తుడిచి, కీళ్ళకు నూనె పెట్టి వచ్చేవాడు.

"ఎవురు తూస్తారని?" అని అడిగాను ఒకసారి.

"తుప్పు పడితే అబద్ధం జెప్తాది," అన్నాడు. "రేపు పెట్టెలొస్తే?"

స్టేషను మాస్టరును తీసేసి మా స్టేషనును బండి నిమిషం మాత్రమే ఆగే హాల్టు చేశారు. రాయి లేనప్పుడు నీళ్ళెందుకనుకున్నారో ఏమో, ట్యాంకులు వారానికి ఒకసారయ్యాయి. ఒకరోజు మామూలుగా కడవలు పెట్టుకుని నిలబడ్డాం. బండి వచ్చింది. చివర ట్యాంకు లేదు. గార్డు పచ్చజెండా ఊపుతూ మా కడవల వరుస ముందు నుంచి వెళ్ళిపోయాడు.

"ఏమప్పోయ్, దండం పెడతాండామనుకుంటివా?" అని వెనక నుంచి అరిచింది అక్క. "నీళ్ళేవీ?"

"బోరు ఏస్తారంట!" అని అతను అరిచిన మాట సగం గాలికి పోయింది.

అతను చెప్పింది నిజమే. బోరు బండి వచ్చింది. రెండు రోజులు రాతిని తొలిచింది. దుమ్ము పోయి తడి బురద చిమ్మినప్పుడు మగవాళ్ళు ఈలలు వేశారు. చేతిపంపు బిగించి, దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టారు. నీళ్ళు చల్లగా, తేటగా, కొంచెం తియ్యగా ఉన్నాయి. ఉప్పు బావి తాగిన వాళ్ళకు అది అమృతమే. పాయింట్స్‌మన్‌ను అప్పటికే వేరే స్టేషనుకు మార్చారు, అక్క పిల్లల కోసం ఇక్కడే ఉంది. అందుకని ఆ కేక అవ్వ వేసింది. బాలింతలెవరూ లేరు. అన్నిటికంటే చిన్న బిడ్డ నా ఇంట్లోనే ఉంది. పంపు మొదటి కడవ మా ఇంటికి వచ్చింది.

"తాగమ్మా," అంది అవ్వ. "రాతిలో నుంచి వచ్చిన నీళ్ళు. బిడ్డకు ఎముకలు రాళ్ళయితాయి."

ఆ మాట అందరికీ నచ్చింది. రాయిని నమ్ముకుని బతికిన వాళ్ళం కదా. మా చేతుల్లో రాయి బరువుండేది, గట్టిగా ఉండేది, తెల్లగా ఉండేది. రాతి నీళ్ళు తాగిన బిడ్డ కూడా అట్లానే అవుతుందని అనిపించింది. పిల్లలకు పట్టుబట్టి ఇంకో గ్లాసు తాగించేవారు. "తాగురా, రాయైతావు" అనేది సైడింగులో దీవెన.

పాపకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. వచ్చేటప్పుడే సున్నంలా గీతలు, గీతల మధ్య తుప్పు రంగు. బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను. మచ్చ పోలేదు. తర్వాత ఒకనాటి మధ్యాహ్నం అది బడి నుంచి వస్తుంటే గడపలో నిలబడి చూస్తున్నాను. ఎదురెండ. గౌను కింద రెండు కాళ్ళ మధ్య నుంచి వెలుతురు కనిపించింది. మోకాళ్ళ దగ్గర రెండు కాళ్ళూ ఒకదానికొకటి దూరంగా విల్లులా వంగి ఉన్నాయి. ఎప్పటి నుంచి అట్లా ఉన్నాయో నాకు తెలియదు. రోజూ స్నానం పోసే చేతులే ఇవి.

"ఏమ్మా అట్ల సూస్తాండావు?" అంది పాప.

"ఏం లేదు, బిన్నె రా, ఎండ."

అక్కను పిలిచి చూపించాను. "నడిచే వయసులో చంకకెక్కించుకోని తిప్పింటావు, అందుకే," అంది. ఆమె చిన్నకొడుకు పళ్ళూ అట్లాగే ఉన్నాయని నేను అన్నాను. "వాడు బెల్లం తింటాడులే," అని నవ్వి, తర్వాత నవ్వు ఆపి తన గడపలోకి పోయింది. నాకు ఆ పల్లె మనుషులు గుర్తొచ్చారు. మెడ తిరగని మర్యాదస్తులు. వాళ్ళవీ బోర్లే, వాళ్ళదీ ఇదే రాయి.

కదిరిలో డాక్టరు కోస్తా మనిషి. పాప నోరు తెరిపించి చూసి, నిలబెట్టి చూసి, నన్ను ఒక్కటే అడిగాడు.

"ఏం నీళ్ళు తాగుతున్నారు?"

"బోరు నీళ్ళు సార్."

"నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుందమ్మా. ఎముకల్లో చేరుతుంది. నీళ్ళు మార్చండి."

"కాచి తాగితే పోతుందా?"

"పోదు, ఇంకా చిక్కనవుతుంది."

"వంగినవి తిరిగి వస్తాయా?"

ఆయన పాప వైపు చూసి తల గోక్కున్నాడు. "ముందు నీళ్ళు మార్చండి. కుదరకపోతే ఊరు మార్చండి."

కదిరి స్టేషనులో బండి కోసం కూర్చున్నాం. పాప శెనక్కాయలు ఒలుచుకుంటోంది.

"ఊరు మార్చాలంట," అన్నాడు మా ఆయన. "మార్చేదానికి అదేమన్నా చొక్కానా?"

"మా నాయన దగ్గరికి పోదాం."

"పోయి? మగ్గం నేర్చుకునేదా ఈ వయసులో? మీ అన్నలకే పట్టునూలు ల్యాదు."

"పాప కాళ్ళు చూడండి."

"చూస్తానే ఉండా." గొంతు తగ్గించాడు. "కుప్ప అంత ఉండాది. వదిలేసి యాడికి పోతారు గనోళ్ళు? ఒక్క ఏడాది. పెట్టెలొస్తే నీళ్ళబండి వాటి ఎనకాలే వచ్చాది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నమ్ముతున్నాడు. అబద్ధమైతే నేను పోట్లాడగలిగేదాన్ని.

ధర్మవరం పోయాను. మా నాయన రమ్మనే అన్నాడు, "ఉండు తల్లీ, యాడన్నా పడుకుంటే సరిపాయ," అని. ఒకే గది, రెండు మగ్గాలు, ఇద్దరు వదినలు, వాళ్ళ పిల్లలు. రాత్రి మగ్గం కింద గుంటలో గోనెసంచి పరిచి పాపను పడుకోబెట్టాను. పెద్ద వదిన పొద్దున లేచి గుంటలోంచి పాపను ఎత్తుకుని, పనికి అడ్డం లేకుండా పక్కన పడుకోబెట్టింది, అంతే. ఆ వారమే తిరిగి వచ్చాను, రెండు క్యాన్ల నీళ్ళతో.

ఆ నీళ్ళు అయిపోయాక నాకు ఇంజను కనిపించింది. రోజూ వచ్చేదే, నేను చూడలేదు. ఆవిరి ఇంజను వెనక దాని నీళ్ళతొట్టి ఉంటుంది. అది నింపుకునేది జంక్షనులోనే, మా పాత ట్యాంకులు నిండిన చోటే. ఒక పొద్దున బిందె పట్టుకుని ఇంజను ఆగే చోటికి పోయి నిలబడ్డాను. డ్రైవరు లావుపాటి మనిషి, తలకు ఎర్రగుడ్డ.

"అన్నా, తొట్టిలో నీళ్ళు ఒక్క బిందె పొయ్యవా?"

"ఇంజను తాగే నీళ్ళు బిడ్డకు తాపుతావా తల్లీ?"

"ఇంజను కాళ్ళు వంకర పోలేదు గదన్నా."

అతను పెద్దగా నవ్వాడు. నా వెనక నిలబడ్డ పాపను చూశాక నవ్వు ఆపి బొగ్గు వేసే అతనికి సైగ చేశాడు. ఆ తర్వాత ఎప్పుడు అతని బండి వచ్చినా బిందె నిండేది. గోరువెచ్చగా, బొగ్గు వాసనతో, పైన నల్లటి తెట్టుతో ఉండేవి నీళ్ళు. నీళ్ళను తేర్చే చిల్లగింజ అరగదీసి వేసి, తేరుకున్నాక పాత పంచెలో వడగట్టి పాపకు పోసేదాన్ని. మా ఆయనా నేనూ పంపు నీళ్ళే తాగేవాళ్ళం.

"బీఏ అమ్మ బిడ్డకు పొగబండి పాలు తాపుతాది," అని పంపు దగ్గర నవ్వుకునేవారు. అవ్వ నవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది. "తొలికడవ తాగిన నోటితో ఆ మసి నీళ్ళా?" అంది నా ముందే. ఏం చెప్పను? నీళ్ళలో కంటికి కనిపించనిది ఉందని చెబితే, కంటికి కనిపించే మసిని బిడ్డకు పోస్తున్నది నేనే. చెప్పి చూశాను. ఆమె విన్నది. విని, "మా ఊర్లో దేవుడిచ్చిన నీళ్ళకు పేర్లు పెట్టొద్దు" అంది.

ఆ నెలల్లో నేను పాపను కాటా దగ్గరకు తీసుకుపోయి గోడకు నిలబెట్టి, రెండు మోకాళ్ళ మధ్య నా పిడికిలి పెట్టి చూసేదాన్ని. పిడికిలికి అటూ ఇటూ ఖాళీ ఉండేది. ఖాళీ పెరగలేదనిపించేది. ఆశ పడటానికి నాకు అంత సందు చాలింది.

తర్వాత ఒక పొద్దున పొగ కనిపించలేదు. కూత కూడా వేరుగా ఉంది, గొంతు మారిన మనిషిలా. వంపు తిరిగి వచ్చింది డీజిలు ఇంజను, శుభ్రంగా, పక్కల మీద గీతలతో. కిటికీలో కొత్త డ్రైవరు. నా చేతిలో బిందె చూసి ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశాడు. వెనక తొట్టి లేదు. నిమిషం ఆగి పోయింది.

పాప బండి పోయిన వైపే చూస్తూ అడిగింది. "అమ్మా, ఈ ఇంజనుకు దప్పి కాదా?"

"కాదు."

"ఎప్పటికీ కాదా?"

ఖాళీ బిందె చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాము. ముందు అది నడుస్తోంది, అటొక కాలు ఇటొక కాలు, పట్టాల మధ్య చెక్క మీద నుంచి చెక్క మీదికి.

ఆ ఏడే నాకు మళ్ళీ నెల తప్పింది. కాన్పుకు ధర్మవరం పోయాను. కొడుకు. పుట్టినప్పుడు వాడి కాళ్ళు చేత్తో చాపి చూశాను. అందరి పసిబిడ్డల కాళ్ళలాగే మడతలు పడి, కొంచెం వంకరగా, మెత్తగా ఉన్నాయి. పసికాళ్ళు అట్లాగే ఉంటాయని మా అమ్మ చెప్పింది. నాకు తెలుసు. అయినా రోజూ చాపి చూసేదాన్ని. మూడో నెల నిండాక ఇంక ఉండటానికి మగ్గాలు ఒప్పుకోలేదు. పెద్దన్నకు అప్పుడే పట్టునూలు దొరికింది. గుంటలో మనిషి కూర్చోవాలి, పడుకోకూడదు.

రెండు క్యాన్ల నీళ్ళతో దిగాను. హాల్టులో ఇప్పుడు దిగేవాళ్ళు లేరు. క్వార్టర్ల తలుపులు ఊడదీసుకుని పోయారు, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. మిగిలిన ఇళ్ళను వేళ్ళ మీద చెప్పవచ్చు. తెల్లకుప్ప మాత్రం అట్లాగే ఉంది. ఓడలెక్కాల్సిన రాయి, మిగిలిన నాలుగు గడపల ముందు ముగ్గులయింది.

మిగిలిన ఆడవాళ్ళంతా నా కోసం నిలబడి ఉన్నారు. మధ్యలో అవ్వ. నేను పోయినప్పటి కంటే వంగింది. పక్క నుంచి పిలిస్తే తల తిప్పలేదు, మనిషి మొత్తంగా తిరిగింది. ఆమె ముందు నిండిన మట్టికడవ, దాని మెడకు పసుపు, మూతిలో వేపరెమ్మ. మా ఆయన పక్కన నిలబడి నవ్వుతున్నాడు. సైడింగులో బిడ్డ పుట్టి ఎన్నాళ్ళయిందో.

అవ్వ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఎవురింట్లో బాలింత ఉండాదమ్మా?"

ఆ కేక ఖాళీ క్వార్టర్లకు తగిలి వచ్చింది. అక్క నా మోచేతిని పొడిచింది. "చెప్పు మే."

"మా ఇంట్లో," అన్నాను.

అక్క, ఇంకొకామె కలిసి కడవ ఎత్తారు. అవ్వ ముందు నడిచింది. గడప లోపల దించారు. అవ్వ వంగలేక వంగి చెంబు ముంచి నాకిచ్చింది. అందరూ వాకిట్లో నిలబడ్డారు. నేను తాగితే గానీ పోరు, పోకూడదు. అవ్వ కళ్ళు నా మొహం మీద లేవు, ఒళ్ళో ఉన్న బిడ్డ మీద ఉన్నాయి. గుంతలోకి జారిపోయిన ఆ కోడలు చేతికి అందని చెంబే నా చేతికి ఇస్తోందని నాకు తెలుసు. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున చెంబు నగిషీ కనిపిస్తోంది.

తాగాను. చల్లగా, కొంచెం తియ్యగా ఉన్నాయి.

"సల్లగా ఉండు తల్లీ," అంది అవ్వ. "రాయి మాదిరి ఉంటాడులే వాడు." అందరూ పోయారు.

క్యాన్లు రెండూ మంచం కింద పెట్టాను. బిడ్డకు పాలు పట్టడం ఆపితే వాడికి నీళ్ళు కావాలి. క్యాన్లలోవి అప్పటిదాకా ఉండవు. ఉన్నా ఆ తర్వాత? మా ఆయన కాటాకు నూనె పెట్టడానికి పోయాడు. పాప మంచం కిందికి తొంగి చూసింది.

"ఆ నీళ్ళు నాకా మా, తమ్మునికా?"

"ఇద్దరికీ."

క్యానును చేత్తో తట్టి చూసింది. ఎంత ఉన్నాయో శబ్దంతో తెలుసుకోవడం ఇంజను నీళ్ళప్పుడు నేర్చుకుంది.

"ఇద్దరికీ రావు," అంది. "తమ్మునికే పెట్టుమా. నా కాళ్ళు ఎట్లాగూ వంగిపోయిండాయి గదా."

ఏడుస్తూ అనలేదు, అలిగీ అనలేదు. బడిలో లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. నేను లేచి క్యాను మూత తీసి గ్లాసులో పోసి పట్టుకునేలోపు అది గడప దగ్గరికి పోయి, కడవ మూతిలో వేపరెమ్మ పక్కకు తీసి, చెంబు ముంచుకుని తాగింది. దప్పిగా ఉందేమో, మళ్ళీ ముంచింది. కడవ మెడ మీది పసుపు దాని చేతికంతా అంటింది. గౌనుకు తుడుచుకుని, కుప్ప మీద జారడానికి వెళ్ళిపోయింది.